జీర్ణోద్ధరణ ధర్మము

శిథిలమైన దేవాలయమును మరల నిలువఁబెట్టుటకు మన పెద్దలు జీర్ణోద్ధరణ మని పేరిడిరి. క్రొత్తగుడి కట్టించుటకంటె నిది గొప్ప పుణ్యమని వారి విశ్వాసము. పూడిపోయిన చెఱువును త్రవ్వించుట, కూలిన గోడ నెత్తించుట, చినిగిన తాళపత్రమునకు ప్రతి వ్రాయించుట, ఇవి యన్నియు నా మాట క్రిందికే వచ్చును. ఇట్టి పనిలో దోష ముండునని యెవరును దలఁపరు. మేమును దలఁపలేదు. కాని యొక పాత మోటారుసైకిలును బాగుచేయింపఁ బూనినపుడు, బాగుచేయుట యనఁగా నేమి, దేనిని మార్పవచ్చును, దేనిని మార్పరాదు అను ప్రశ్నలు వరుసగా మా యెదుట నిలిచినవి. వానికి సమాధానము చెప్పుకొనఁబోఁగా, ఈ విషయము మేము తలఁచినంత సులభమైనది కాదని తేలినది. ఆ యనుభవమును పాఠకుల ముందుంచుచున్నాము.

ఆ బండి మా మేనమామగారిది. 1967వ సంవత్సరమున మైసూరులో తయారైన జావా, 250 సీ.సీ. యంత్రము గలది. జావా యను పేరు చెకోస్లోవేకియాలో పుట్టినది. యానెచెక్ అను పారిశ్రామికుఁడు వాండరర్ అను జర్మను సంస్థవారి నమూనాను గొని, 1929లో బండ్లు చేయ నారంభించి, తన పేరులోని మొదటి యక్షరములను ఆ సంస్థ పేరులోని మొదటి యక్షరములతో గలిపి బండికి నామకరణము చేసెను. మైసూరు కర్మాగారమున 1961 మొదలు నీ బండ్లు తయారైనవి. 1973 నుండి యెజ్డీ యను పేర వెలువడినవి. 1996లో నా కర్మాగారము మూతపడినది. 2018లో వేఱొక సంస్థవారు జావా పేరును మరల బజారునకుఁ దెచ్చిరి. ఒక్క సిలిండరునకు రెండు పొగగొట్టములు, గేరు మార్చుటకును కిక్కు కొట్టుటకును ఒక్కటే మీట, ఎఱ్ఱని టాంకు ప్రక్కలను తళతళలాడు క్రోమియపు పూఁత, ఇవి యా బండికి గుఱుతులు. గోదావరి డెల్టాలోని మా మేనమామగారి గ్రామమున నా చప్పుడు వినఁబడినచో బండి యెవరిదో చూడనక్కఱలేకయే పిల్లలు చెప్పెడివారు.

1984లో నా బండి పశువుల చావడిలోనికిఁ బోయినది. చెడిపోయినది కాఁబట్టి మూలఁబెట్టితి మని యింటివారు చెప్పెడివారు. మేనమామగారు గతించిరి. చావడిలో పశువులును లేకపోయెను. 2022లో మేము తలుపు తెఱచునప్పటికి 38 యేండ్లైనది. గోనెసంచుల క్రింద బండి యున్నది. దాని సీటులో నెలుకలు కాఁపురమున్నవి. చూచినంతనే కిక్కు కొట్టి చూడవలె నను నుత్సాహము మాకుఁ గలిగినది. వెంట వచ్చిన మెకానిక్కు మా చేయి పట్టుకొని యాఁపెను.

అతఁ డాఁపుటకుఁ గారణ మున్నది. సముద్రపు గాలియు, కాలువల చెమ్మయు సోఁకు ప్రదేశమున నేండ్లకొలఁది కదలక నిలిచిన యంత్రములో పిస్టను రింగులు తుప్పుపట్టి సిలిండరు గోడ నంటుకొనిపోవును. బలవంతముగాఁ గదిపినచో రింగులు విఱుగును, సిలిండరు గీఁచుకొనును. అందుచేత ప్లగ్గు నూడఁదీసి, ఆ రంధ్రమున డీజెలును నూనెయుఁ బోసి, దినములకొలఁది యూరక నిరీక్షింపవలెను. మేము తొమ్మిది దినములు నిరీక్షించితిమి. తరువాత యంత్రము విప్పఁగా నొక్కొక్క రోగము బయటపడినది. పెట్రో లెండి జిగురై కార్బురేటరులోని సన్నని రంధ్రములను మూసివేసినది. టాంకు లోపలి తుప్పు పొరలుపొరలుగా లేచినది. తీఁగెలపై తొడుగును ఎలుకలు కొఱికినవి. టైర్లు నెఱ్ఱెలు విచ్చినవి. ఈ జాతి యంత్రములలో పెట్రోలు, నూనె, గాలి కలిసిన మిశ్రమము ముందుగా క్రింది పెట్టెలోనికిఁ బోయి, పిదప సిలిండరున కెక్కును. ఆ పెట్టెకు రెండువైపుల నుండు రబ్బరు సీళ్లు ఎండి పగిలినచో పైగాలి లోపలికిఁ జొరఁబడును, మిశ్రమము పలుచఁబడును, పిస్టను మితిమీఱి వేఁడెక్కి కరఁగిపోవును. గోరంత రబ్బరు చెడిన కొండంత యంత్రము చెడును.

ఇదియంతయుఁ జూడఁగా మాకు మొదట తోఁచిన ధర్మ మిది: మూసిపెట్టుట కాపాడుట కాదు. భద్రముగా దాఁచితిమని మన మనుకొను వస్తువు చీఁకటిలోఁ దనంతటఁ దాను క్షీణించుచుండును. దినదినము వాడుకలో నున్న బండికంటె గోనె కప్పిన బండియే యెక్కువగా చెడినది. ఈ మాటతో మఱల మనకుఁ బని యుండును.

ఇఁక పని సాఁగినది. పిస్టను క్రొత్తది, రింగులు క్రొత్తవి, సిలిండరు క్రొత్తగా బోరు చేయించినది, సీళ్లు, బేరింగులు, టైర్లు, తీఁగెలు, గొలుసు, అన్నియుఁ గ్రొత్తవి. షెడ్డులో నొక మూల పాతభాగముల కుప్ప పెరుగుచుండఁగా మా స్నేహితు లొకరు వచ్చి, నవ్వి, "మీ మేనమామగారి బండి యేది? ఆ కుప్పయా, యీ బండియా?" అని యడిగిరి. హాస్యమునకే యడిగినను ప్రశ్న హాస్యమైనది కాదు. రెండువేల యేండ్ల క్రిందట యవనరాజైన మిళిందునితో భిక్షువైన నాగసేనుఁడు చేసిన వాదమే యిది. రాజు రథమునఁ గూర్చుండి వచ్చెను. ఇరుసు రథమా, చక్రములు రథమా, కాఁడి రథమా యని భిక్షువు ప్రశ్నించెను. ఏదియుఁ గాదు, ఇవి యన్నియు నొకరీతిగాఁ గూడియున్నపుడు రథ మను పేరు వ్యవహారమునఁ జెల్లుచున్నదని తేలినది. పూరీక్షేత్రమున జగన్నాథుని రథమును ఏఁటేఁట క్రొత్తకొయ్యతో నిర్మింతురు. పదునాఱు చక్రముల నందిఘోష మేయేఁటికాయేఁడు క్రొత్తదే. అయినను నది నందిఘోషమే. అది మోసమని యెవఁడును అనఁడు. ఏల యనఁడు? కొయ్య క్రొత్తదని యెల్లరు నెఱుఁగుదురు గనుక. ఎవ్వరికిని దాఁచినది లేదు గనుక.

ఈ యుదాహరణమువలన మాకుఁ దేలినదేమనఁగా, భాగములు మార్చుట యసత్యము కాదు. మార్చి మార్చలేదని చెప్పుటయే యసత్యము. పాతబండ్ల వ్యాపారమున నీ యసత్యము తక్కువైనది కాదు. రెండుమూఁడు బండ్ల శకలములు కూర్చి, చక్కని రంగు పూసి, పుట్టినది పుట్టినట్లే యున్నదని యమ్మువారు కలరు. ఇంజనుపై నంకెలను అరగదీసి, ఆర్.సి. పుస్తకములోని యంకెలను మరల కొట్టించువారును గలరు. 2021లో భారతప్రభుత్వమువారు మోటారువాహన నియమములలో నొక క్రొత్త భాగమును జేర్చి, ఏఁబది యేండ్లు దాఁటినదియు, ఛాసిసు, ఇంజను మున్నగువానిలో మార్పుఁజెందక మొదటి రూపమున నిలిచినదియు నగు బండిని పురాతన వాహనముగా నమోదు చేయవచ్చునని నిర్ణయించిరి. అట్టి బండ్ల నంబరులో రాష్ట్రపు సంకేతము తరువాత వీ.ఏ. అను రెండక్షరము లుండును. వానిని ప్రదర్శనములకును ర్యాలీలకును నడుపవచ్చును. నిత్యపు రాకపోకలకు నడుపరాదు. చట్ట మింతవఱకుఁ జెప్పఁగలదు. అంకె నిజమా కాదా యని యధికారి చూడఁగలఁడు. బండి చెప్పు కథ నిజమా కాదా యని చూచుట యింటివారి మనస్సాక్షి పని.

కట్టడముల విషయమున నీ మనస్సాక్షికి మార్గము చూపినవారు కలరు. 1964లో వెనిసు నగరమున సమావేశమైన వాస్తుశిల్పులును పురాతన కట్టడముల నిపుణులును ఒక నియమావళి నేర్పఱచిరి. ఎక్కడ నిజము తెలియక యూహ యారంభమగునో యక్కడ ఉద్ధారకుని చేయి యాఁగవలెనని యందొక నియమము. క్రొత్తగాఁ జేర్చిన భాగము పాతదానితోఁ బొందికగా నుండవలెను గాని, పాతదే యని భ్రమింపఁజేయరాదని మఱియొకటి. రాతికట్టడమున కుద్దేశించిన యీ రెండు నియమములు ఇనుపబండికినిఁ జెల్లును. మేము వానిని కైకొని బండి భాగములను మూఁడు తరగతులుగా విభజించుకొంటిమి.

మొదటి తరగతి ప్రాణమునకు సంబంధించినవి: బ్రేకులు, టైర్లు, తీఁగెలు, చక్రముల యిరుసులు. వీని విషయమున పాత యను గౌరవ మక్కఱలేదు. ఆ కాలపు బ్రేకుపట్టీలలో నాస్బెస్టాసు అను రాతినార వాడెడివారు. దాని ధూళి యూపిరితిత్తులకు ప్రాణాంతక మని నేఁడు మనకుఁ దెలియును. అది మొదటి రూపమునకుఁ జేరినదే గదా యని నిలుపువాఁడు భక్తుఁడు కాఁడు, మూఢుఁడు. రెండవ తరగతి అరుగుటకే పుట్టినవి: రింగులు, సీళ్లు, గొలుసు. అరిగినపుడు మార్చుట వాని ధర్మము. మూఁడవ తరగతి సాక్ష్యము చెప్పునవి: నాఁటి రంగు, చేతులు తగిలి వన్నె తగ్గిన చోటు, మోకాళ్ల రాపిడికి నునుపైన రబ్బరు. వీనిని మార్చినచో బండి నడక బాగుపడదు. దాని జ్ఞాపకము మాత్రము పోవును. ఈ విభాగముతో మా చిక్కులు తీఱినవని సంతోషించితిమి. తీఱలేదు.

టాంకు కుడిప్రక్క నొక సొట్ట యున్నది. హాండిలు కూడ కొంచెము వంకరగా నున్నది. హాండిలు వంకర ప్రమాదకరము గనుక సరిచేయవలసినదే. సొట్ట మాట యేమి? మెకానిక్కు పుట్టీ పెట్టి రంగు కొట్టిన నెవరికిని గనఁబడదని చెప్పెను. అది సాక్ష్యమా, వట్టి వికారమా యని మేము విచారించుచుండఁగా నతఁడు ముందుచక్రపు బ్రేకు విప్పి మమ్ము బిలిచెను. పట్టీలు కాగితమువలె నరిగియున్నవి. వాని క్రింది లోహము డ్రమ్మును వలయములుగా గీఁచియున్నది. "ఈ బండి మూలపడేనాటికే దీనికి బ్రేకు లేదండీ. ఇంజను మాత్రం అప్పటికి బాగానే ఉంది. చెడిపోయి పెట్టిన బండి కాదిది" అని యతఁ డనెను.

మే మా రాత్రియే మా యత్తగారిని, అనఁగా మేనమామగారి భార్యను, అడిగితిమి. ఆమెకు ఎనుబదియేండ్లు దాఁటినవి. చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "ఆ బ్రేకు మార్పించమని నెల్లాళ్లు పోరాను నాయనా. రేపు, మాపు అన్నారు" అని మొదలుపెట్టి యంతయుఁ జెప్పెను. 1984లో నొకనాఁటి సంధ్యవేళ కాలువగట్టుమీఁద పొలము నుండి యింటికిఁ బోవుచున్న కూలివానికి బండి తగిలినది. కాలు విఱిగినది. అది సరిగా నతుకుకొనక యతఁడు బ్రదికినన్నాళ్లును కుంటెను. ఊరిపెద్దలు కూర్చుండి, వాఁడు త్రాగి బండి కడ్డము వచ్చినాఁడని తీర్పు చెప్పి, కొంత సొమ్ము చేతఁబెట్టించి పంపిరి. "ఆయన ఎన్నడూ తాగి ఎరగడు. ఊరందరికీ తెలుసు. మీ మావయ్యకీ తెలుసు" అని యత్తగారు చెప్పెను. ఆ వారములోనే మేనమామగారు బండిని చావడిలోఁ బెట్టి తలుపు మూసిరి. మరల దాని నెక్కలేదు.

ఇప్పుడు సొట్ట మాకు వేఱొకటిగాఁ గనఁబడినది. ఇంటిలో భేదాభిప్రాయములు పుట్టినవి. గతించినవారి తప్పు లెన్నరాదని కొందఱు. ఆయన యా బండిని జీవితాంతము ముట్టకుండుటయే ప్రాయశ్చిత్తము కాదా యని కొందఱు. నలువదియేండ్ల మాట నిపుడు తవ్విన నెవరికి లాభ మని మఱికొందఱు. ఈ మాటలు త్రోసివేయఁదగినవి కావు. చనిపోయినవాఁడు తనకై తాను మాటలాడలేఁడు; కాఁబట్టి వానిని గూర్చి మాటలాడునపుడు మనకు జంకుండుట మంచిదే. కాని చనిపోయినవా రిరువురు. ఒకరి గౌరవమును కాపాడుటకై రెండవవానిని త్రాగుఁబోతును జేసితిమి. ఆ యబద్ధము ఒకనికి పుట్టీ, ఒకనికి సొట్ట. మృతుల తప్పులెన్నరా దను నీతి నిజముగా మనకు సమ్మతమైనచో, ఆ కూలివాని మీఁద లేని తప్పును ఇన్నాళ్లు నిలిపి యుంచుట కేమి సమాధానము చెప్పుదుము?

ప్రాయశ్చిత్తపు మాటయు నట్టిదే. మేనమామగారు బాధపడలేదని మే మనము. బాధపడిరి గనుకనే బండిని మూసిరి. కాని యా బాధ చావడి గడప దాఁటి యా కూలివాని గుమ్మమువఱకుఁ బోలేదు. మూసిపెట్టుట కాపాడుట కాదని ముందు చెప్పితిమి. మూసిపెట్టిన పశ్చాత్తాపమును అంతే. అది యనుభవించువానిని దహించును గాని, నష్టపడినవానికి పూచికపుల్లంత యుపకారము చేయదు. తన సుఖము నొకదానిని వదలుకొనుటకును, పరుని కష్టము నొకదానిని తీర్చుటకును చాల భేదము గలదు. మన యిండ్లలో ఉపవాసములు, నోములు, మౌనములు పెక్కు మొదటిదానితోనే తృప్తిపడుచున్నవి.

సొట్ట నుంచితిమి. అయినను సొట్ట నుంచినంతమాత్రమున ఋణము తీఱునని మమ్ము మేము మోసపుచ్చుకొనలేదు. ఆ కూలివాని కుమార్తె యదే గ్రామమున నున్నది. వీధి మొగను కుట్టుమిషను పెట్టుకొని జీవించుచున్నది. అత్తగారి యనుజ్ఞతో మేము వెళ్లి సంగతి చెప్పితిమి. ఆమె కన్నీరు పెట్టుకొనలేదు, కోపపడలేదు. "మా నాయన ఆ బండి చప్పుడు వినబడితే అరుగు మీదనుంచి లేచి లోపలికి పోయేవాడండీ. మీరు మూలపెట్టాక కూడా, వేరే బండి చప్పుడైనా అంతే" అనెను. మేము సొమ్ము మాట యెత్తఁగా, "డబ్బు సంగతి తర్వాత చూద్దాం. ముందు తాగి అడ్డం వచ్చాడన్న మాట తప్పని మా వీధిలో నలుగురి ముందూ చెప్పండి. మా అమ్మ ఆ మాటకే కుమిలి పోయింది" అని యడిగెను.

మేము చెప్పుదు మంటిమి. అత్తగారు మమ్ము వారించి, తానే చెప్పవలెననెను. మఱుసటి యాదివారము నామెను రిక్షాలోఁ దీసికొనిపోతిమి. ఆమె యా వీధి యరుగుమీఁదఁ గూర్చుండి, చుట్టుపట్లవారు వినుచుండఁగా, బ్రేకు లేని సంగతియు, నెలదినములు మార్పింపని సంగతియు, ఆ మనుష్యుఁడు త్రాగని సంగతియు దాఁపక చెప్పెను. వినినవారిలో ముసలివా రొకరు, "మాకు తెలుసునమ్మా" అనిరి. ఊరికిఁ దెలియును. తెలిసియు నలువదియేండ్లు ఎవరును బయటఁ జెప్పలేదు. ఎల్లరకుఁ దెలిసిన నిజముకూడ బాధ్యుని నోట వెలువడునంతవఱకు బాధితునకు నిజముగా దక్కదని యానాఁడు మాకు బోధపడినది.

దీనివలన విఱిగిన కాలు మరల నతుకుకొనలేదు. గతించిన యా దంపతులు లేచి వచ్చి వినలేదు. జీర్ణోద్ధరణ మనఁగా కాలమును వెనుకకుఁ ద్రిప్పుట యని యనుకొనువాఁడు నిరాశపడును. బండి విషయమున నైనను మేము 1967 నాఁటి బండిని దేలేదు. 1967లోఁ బుట్టి, 1984లోఁ జెడి, 2022 తరువాత మరల నడచు బండిని మాత్రమే తెచ్చితిమి. ఆ మూఁడు తేదీలును దానిలోఁ గనఁబడవలెను. ఒక్క తేదీని మాత్రము చూపి తక్కినవానిని దాఁచు ఉద్ధరణము అలంకరణమే కాని యుద్ధరణము కాదు. చెడినదానిని చెడినదని యొప్పుకొనుట, ప్రాణహాని చేయుదానిని సంకోచములేక తీసివేయుట, సాక్ష్యము చెప్పుదానిని నోరు నొక్కక నిలుపుట, చేసిన మార్పును నలుగురకుఁ దెలియఁజేయుట, ఈ నాలుగును గూడినఁ గాని యీ పుణ్యము సిద్ధింపదు. బండి కైనను, ఇంటి కైనను, ఇంటి పేరున కైనను నింతే.

ఇప్పుడు బండి నడచుచున్నది. మార్చిన ప్రతి భాగమును తేదీతో నొక పుస్తకమున వ్రాసి యుంచితిమి. అరిగిపోయిన యా బ్రేకుపట్టీలను ధూళి రేఁగకుండ సీసాలో మూఁతవేసి, అట్లేల యుంచితిమో దానిపై వ్రాసితిమి. మా తరువాతివారు బండి నమ్ముకొనవచ్చును; కొనువారి కా పుస్తకముకూడ నీయవలెనని మొదటి పుటలోనే వ్రాసితిమి. టాంకుపై సొట్టను జూచి, అంత చక్కగాఁ జేయించి యిది యేల వదలితి రని యడుగువారికి జరిగినది జరిగినట్లు చెప్పుచున్నాము.

ఆ యూరికిఁ బోయినపుడు కుట్టుమిషను గల యా వీధి మొదటనే యింజను నాఁపి, బండిని చేతితోఁ ద్రోసికొని పోవుదుము.